నాలుగో సైజు బ్యాటు

ఇద్దరు మగపిల్లలున్న రెండు పడగ్గదుల ఫ్లాటులో ముందుగా కరువయ్యేది బాల్కనీ. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే ఇంజినీరుగారి బాల్కనీ అలాగే పోయింది. పెద్దవాడికి మొదట కొన్న పన్నెండు అంగుళాల సైకిలు, దాని తర్వాత కొన్న పదహారు, ఆ తర్వాత ఇరవై; రెండు జతల స్కేట్లు, మోచేతులకూ మోకాళ్ళకూ కట్టుకునే గార్డులు, గాలి తగ్గిన ఫుట్‌బాలు, ప్లాస్టిక్‌ది ఒకటీ చెక్కవి రెండూ క్రికెట్ బ్యాట్లు, తీగ తెగిన షటిల్ రాకెట్టు, వేసవి శిబిరంలో కొనిపించిన ఈత కళ్ళద్దాలు. బట్టలారేయడానికి వెళ్ళిన వాళ్ళావిడ ఒకరోజు స్కేటు మీద కాలేసి జారి, గ్రిల్లు పట్టుకుని ఆగింది. ఆ సాయంత్రమే ఇంట్లో తీర్పు వచ్చేసింది: ఇదంతా కిందికి దిగాలి.

కింద అంటే సెల్లార్. మూసాపేటలో మెట్రో స్టేషన్ వెనక సందుల్లో ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ ఒక్కలాంటివే. స్తంభాల మధ్య పసుపు గీతలు గీసి ఫ్లాటు నంబరు రాసిన పార్కింగ్ స్లాటు, గోడవారగా కరెంటు మీటర్లు, మెట్ల కింద వాచ్‌మన్ గది. ఇంజినీరుగారి స్లాటు మూలది. కారు పెట్టాక కూడా గోడకూ బంపరుకూ మధ్య మూడడుగుల జాగా మిగులుతుంది. మా అందరికీ ఆ జాగా మీద కన్నుండేది.

ఆయన బావమరిది అమెరికాలో టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ మనవాళ్ళు చాలామంది. రెండు కార్లు పట్టే గ్యారేజీలో పిల్లల సామాను నింపి, కార్లను బయట వాకిట్లో నిలబెట్టుకునే ఇళ్ళు అక్కడ మామూలే. ఆ బావమరిది తన గ్యారేజీ వీడియో తీసి పంపాడు. గోడంతా రంధ్రాల బోర్డు. బోర్డుకు కొక్కేలు. ఏ కొక్కేనికి ఏ వస్తువో రంగు చీటీలు. ఇంజినీరుగారు ఆ వీడియోను పదేపదే చూశారు. సర్దడం మీద ప్రేమ ఉన్న మనిషి ఆయన. మా అపార్ట్‌మెంట్‌లో వాటర్ ట్యాంకర్ల లెక్క ఏళ్ళ తరబడి తప్పు లేకుండా ఉందంటే ఆయన ఎక్సెల్ షీటు వల్లే.

2022 జూన్‌లో కైతలాపూర్ వంతెన తెరిచారు. రైలు పట్టాల మీదుగా హైటెక్ సిటీ వైపు దారి పడేసరికి, మాదాపూర్‌లో పనిచేసే మావాళ్ళందరికీ సాయంత్రాలు చేతికొచ్చాయి. అంతకుముందు ఆయన చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు. ఇప్పుడు వెలుతురుండగానే సెల్లార్‌లో కారు ఆగేది. మిగిలిన ఆ వేళనంతా ఆయన ర్యాకు మీద పెట్టారు. బాలానగర్‌లో ఇనుప పనిచేసే షెడ్డులో కొలతలిచ్చి, స్లాటెడ్ యాంగిల్‌తో అయిదు అరల ర్యాకు చేయించారు. పైన కొక్కేల పట్టీ, ముందు జాలీ తలుపు, దానికి తాళం.

అసోసియేషన్ మీటింగులో చర్చ రాకపోలేదు. పార్కింగ్ స్థలం పార్కింగ్‌కే వాడాలని 2012 భవన నియమాల జీవో 168లో ఉంది. ముంబయి కేసొకదానిలో 2010లో సుప్రీంకోర్టు, స్టిల్టు పార్కింగును గ్యారేజీ అనుకోవడానికి వీల్లేదనీ, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోలేడనీ తేల్చింది. రిటైరైన తాసిల్దారుగారు ఇవన్నీ చదివి వినిపించారు. అన్నీ విన్నాక, "పిల్లల సామానే కదా, పోనీండి" అన్నదీ ఆయనే. ర్యాకు నిలబడింది.

దాన్ని నిలబెట్టడంలో ఇంజినీరుగారికి కుడిభుజం వాచ్‌మన్ కొడుకు.

వాళ్ళది నారాయణపేట వైపు పల్లె. పాలమూరు నుంచి పనికోసం హైదరాబాద్ వచ్చి, అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు ఇటుకలు మోసి, కట్టాక అదే అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉండిపోయిన కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో. కుర్రాడు అప్పుడు సర్కారు బడిలో అయిదో తరగతి. సాయంత్రం తల్లి కార్లు తుడుస్తుంటే నీళ్ళ బకెట్ అందించేవాడు. ర్యాకు పని మొదలైన రోజునుంచి వాడు ఆ మూల వదల్లేదు. మేకు పట్టుకో అంటే పట్టుకున్నాడు, టేపు చివర లాగు అంటే లాగాడు. వాడి రాత ముత్యాల్లా ఉండేది. అది చూసి ఇంజినీరుగారు చీటీలన్నీ వాడిచేతే రాయించారు. "స్కేట్లు, పెద్దవి." "స్కేట్లు, చిన్నవి." "గార్డులు." "ఫుట్‌బాలు, పంపు." "బ్యాటు, నాలుగో సైజు." "బ్యాటు, ఆరో సైజు." రాసిన చీటీకి పారదర్శక టేపు అంటించి, బొటనవేలితో గాలి బుడగలు పోయేదాకా నొక్కేవాడు.

ఇంజినీరుగారు మంచి గురువు. ఏదైనా వస్తువు ముట్టుకుంటే దాని గుణం చెప్పకుండా వదలరు. బ్యాటుకు వాడే విల్లో చెక్క తేమ పీలుస్తుందనీ, అందుకే వానాకాలంలో నేలకు ఆనించకూడదనీ, అవిసె నూనె చేతివేళ్ళకు పల్చగా రాసుకుని చెక్క ముఖానికి పట్టించాలనీ, ఎక్కువైతే చెక్క బరువెక్కి దెబ్బలో చురుకు పోతుందనీ వాడికి చెప్పారు. సైకిలు నెలల తరబడి గాలి లేకుండా నిలబడితే టైరు మడత పడ్డ చోట పగులుతుంది. షటిల్ కాక్ ఈకలు ఎండిపోతే రెండు దెబ్బలకే విరుగుతాయి. వాడకుండా పెట్టెలో దాచిన బూట్ల అడుగు కూడా కొన్నేళ్ళకు దానంతటదే పొడిగా రాలిపోతుంది. దాచినంత మాత్రాన ఏ వస్తువూ ఆగి ఉండదు, అన్నారాయన ఒకసారి. అది నేను విన్నాను.

బ్యాటు సైజు ఎలా చూడాలో కూడా చెప్పారు. పిల్లవాడు చెప్పుల్లేకుండా నిటారుగా నిలబడాలి. బ్యాటును కాలి పక్కన నిలబెడితే పిడి చివర తుంటి ఎముక దగ్గరికి రావాలి. నాలుగో సైజంటే సుమారుగా నాలుగున్నర అడుగుల పిల్లవాడికి. దానికంటే పెద్ద బ్యాటు చేతికిస్తే మణికట్టు మోయలేదు, కింది చెయ్యి పెత్తనం చేస్తుంది, బంతి గాల్లోకి లేస్తుంది. తప్పుడు బ్యాటుతో రెండేళ్ళు ఆడిన పిల్లవాడి ఆటను సరిదిద్దడానికి కోచ్‌కు ఇంకో రెండేళ్ళు పడుతుంది. అందుకే పదమూడేళ్ళలోపు పిల్లలకు బంతి కూడా వేరుగా ఉంటుంది; 133 నుంచి 144 గ్రాములు. పెద్దవాళ్ళది 156 నుంచి 163. పిల్లల ఆటలో ప్రతిదానికీ ఒక వయసుంటుంది.

ర్యాకు పక్క స్తంభం మీద ఆయన ఇద్దరు పిల్లల ఎత్తులూ గుర్తుపెట్టేవారు. పెద్దవాడిది ఎర్ర గీత, చిన్నవాడిది ఆకుపచ్చ. ఏటా ఉగాదికీ దసరాకూ. వాచ్‌మన్ కొడుకు కుర్చీ ఎక్కి, పిల్లల తలమీద స్కేలు అడ్డంగా పట్టుకునేవాడు. ఆయన పెన్సిల్‌తో గీసేవారు.

ఆ ఏడే పెద్దవాడు నాలుగో సైజు దాటి ఆరుకు వెళ్ళాడు. నాలుగో సైజు బ్యాటు కొక్కేనికెక్కింది. కశ్మీర్ విల్లో, కొని ఏడాదైనా కాలేదు, ముఖం మీద ఎర్ర బంతి మచ్చలు నాలుగైదు కూడా లేవు. దానికి నూనె రాస్తూ కుర్రాడు అడిగాడు.

"ఈ బ్యాటు ఇప్పుడు ఎవరాడుతరు సార్?"

"చిన్నోడికిరా. వాడు ఎదగాలిగా."

చిన్నవాడికి అప్పుడు అయిదేళ్ళు. కుర్రాడు బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసి, కాలి పక్కన నిలబెట్టుకున్నాడు. పిడి సరిగ్గా తుంటి దగ్గరికొచ్చింది. ఇంజినీరుగారు కూడా చూశారు. చూసి నవ్వి, వాడి భుజం తట్టారు. "చూద్దాంలేరా. వాడికి అక్కర్లేకపోతే నీకే" అన్నారు. వాడు "సరే సార్" అని బ్యాటును కొక్కేనికి తగిలించాడు.

ఆయన ఎక్సెల్ షీటులో ర్యాకుకో పేజీ ఉంది. వస్తువు, కొన్న తేదీ, స్థితి, ఎవరికి, ఎప్పటికి. నాలుగో సైజు బ్యాటు ఎదురుగా "చిన్నోడు, 2026" అని ఉంది.

ర్యాకు వచ్చిన ఆ 2022 ఫిబ్రవరిలోనే ఐపీఎల్ వేలంలో ముంబయి జట్టు తిలక్ వర్మను కోటీ డెబ్భై లక్షలకు కొనుక్కుంది. పందొమ్మిదేళ్ళ హైదరాబాద్ కుర్రాడు, ఎలక్ట్రీషియన్ కొడుకు. మా సందులో పిల్లలందరికీ ఎడమచేతి బ్యాటింగ్ వచ్చేసింది. సెల్లార్ ముందు సిమెంటు వాకిట్లో టెన్నిస్ బంతితో ఆట. ఒక టప్పా పడ్డాక పట్టినా ఔటే, గోడ దాటితే కొట్టినవాడు ఔటు. వాచ్‌మన్ కొడుకు చేతిలో ఉండేది సెంట్రింగ్ చెక్కను కత్తితో చెక్కిన పలక. పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. దాంతోనే వాడు కొట్టే కవర్ డ్రైవ్ చూడ్డానికి నేను బాల్కనీలో నిలబడేదాన్ని. మోచెయ్యి పైకెత్తి, తల బంతి మీద పెట్టి, నేల బారుగా. ఎవరు నేర్పారో తెలియదు. ఆటంటే నాకు ప్రాణం, అందుకే చెప్తున్నాను: అలాంటి చెయ్యి ప్రతి సందులోనూ పుట్టదు.

ఇంజినీరుగారి పిల్లలు ఆ ఆటలో ఎక్కువ రోజులు లేరు. పెద్దవాణ్ణి ఏడో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో వేశారు. వాడు ఇల్లు చేరేసరికి వీధిదీపాలు వెలిగేవి. చిన్నవాడికి షటిల్ మీద మనసు పోయింది. ఈ ఊళ్ళో అది సహజమే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాక, అక్కడినుంచి ఒలింపిక్స్‌కు వెళ్ళి సైనా 2012లో కంచు, సింధు 2016లో రజతం తెచ్చాక, కూకట్‌పల్లి చుట్టుపక్కల రేకుల షెడ్డులన్నీ షటిల్ కోర్టులయ్యాయి. చిన్నవాడికి కొత్త రాకెట్టు, కొత్త బూట్లు, కొత్త సంచి. ర్యాకులో వాటికి కొత్త అర, కొత్త చీటీ. క్రికెట్ బ్యాటు చేతికిస్తే వాడు ఒకసారి ఊపి, బరువుగా ఉందని పక్కన పెట్టేశాడు.

అయినా బ్యాటుకు సేవ ఆగలేదు. ప్రతి వానాకాలం ముందు తాళం తీసేవారు. బూజు తుడిచి, అవిసె నూనె రాసి, గ్రిప్పు మార్చి, మళ్ళీ కొక్కేనికి పెట్టేవారు. దసరా ఆయుధపూజ రోజు కార్లకూ బండ్లకూ పూజ అయ్యాక, ఆ బ్యాటుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు. ఇంత శ్రద్ధ ఉన్న ఇంటిని నేను ఇంకోటి చూడలేదు. ఆ మనిషి పిసినారి కాడు. వాచ్‌మన్ కొడుకు నోటుపుస్తకాలు ఏటా ఆయనే కొనేవారు. లెక్కల్లో వెనకబడితే ఆదివారం కూర్చోబెట్టి చెప్పేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు ర్యాకు చూసి మెచ్చుకుంటే, "ఈ చీటీలన్నీ వీడే రాశాడండీ" అని వాణ్ణి ముందుకు నెట్టేవారు. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత బ్యాట్లు రాశులు పోసి అమ్ముతారు, అక్కడ పడేస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా అని ఎవరో అంటే ఆయనకు కోపం వచ్చింది. "పిల్లలు ఆడిన వస్తువు. దాన్ని అమ్ముతానా?" అన్నారు.

2025 సెప్టెంబర్ 28, ఆదివారం రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద మనవాళ్ళు 147 కొట్టాలి, ఇరవై పరుగులకే మూడు వికెట్లు పోయాయి. తిలక్ వర్మ చివరిదాకా నిలబడి 69 కొట్టి గెలిపించాడు. మూసాపేట సందులన్నీ ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు టీవీల్లో అంతా అతని చిన్నతనమే. బార్కాస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతున్న పిల్లవాణ్ణి కోచ్ సలాం బయాష్ చూడటం, తన బండి మీద ఎక్కించుకుని ఊరి ఆ చివర లింగంపల్లి అకాడమీకి తీసుకెళ్ళడం, ఇంట్లో స్తోమత లేకపోతే ఫీజూ కిట్టూ తనే చూసుకోవడం. ఇంజినీరుగారు అది చూసి కళ్ళు తుడుచుకున్నారని వాళ్ళావిడ మాతో చెప్పింది. అప్పుడే ఆయన లేచి లాప్‌టాప్ తెరిచి, ఆ షీటులో "చిన్నోడు, 2026" కొట్టేశారట. ఇంకో ఏడాది ఆగనక్కర్లేదు అన్నారట.

దసరా గురువారం వచ్చింది. సెల్లార్ కడిగి, కార్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. అందరం కిందనే ఉన్నాం. ఇంజినీరుగారు ర్యాకు తాళం తీసి బ్యాటు దించారు. కొత్త గ్రిప్పు వేయించారు, నీలం రంగుది. వాళ్ళావిడ కొత్త ఎర్ర బంతి తెచ్చి పళ్ళెంలో పెట్టింది. బొట్టు పెట్టిన బ్యాటును ఆయన రెండు చేతులతో పట్టుకుని వాచ్‌మన్ కొడుకును పిలిచారు.

వాడు గేటు దగ్గర పైపు చుడుతున్నాడు. చేతులు లాగుకు తుడుచుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతికి దగ్గరపడ్డాడు. బడి అయ్యాక తండ్రితోపాటు పక్క రెండు అపార్ట్‌మెంట్లలో కార్లు కూడా కడుగుతున్నాడు. వాకిట్లో ఆట ఎప్పుడో ఆగిపోయింది, ఆ చెక్క పలక ఏమైందో నేను చూడలేదు.

"తీసుకోరా. ఇవాళ్టినుంచి ఇది నీదే" అన్నారు ఇంజినీరుగారు. ఆయన గొంతు బరువుగా ఉంది. "ఎంత భద్రంగా దాచానో నీకు తెలియనిదా? ఎక్కడా చీలిక లేదు, పురుగు పట్టలేదు. కొత్తదానికీ దీనికీ తేడా లేదు చూడు."

మేమంతా చప్పట్లు కొట్టాం. వాడి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు బ్యాటు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. బంతి కూడా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కసారి నిలబడి చూపించరా, ఆ కవర్ డ్రైవు" అన్నాను.

వాడు చెప్పులు విప్పాడు. ఆయన నేర్పినట్టే నిటారుగా నిలబడి, బ్యాటును కాలి పక్కన పెట్టుకున్నాడు. పిడి తొడ మధ్యలోనే ఆగిపోయింది. ఇంజినీరుగారి నవ్వు ఆగలేదు ఇంకా. వాడు స్టాన్స్ తీసుకోబోయాడు. బ్యాటు నేలకు ఆనాలంటే నడుము విరిగినట్టు వంగాలి. లేచి నిలబడ్డాడు. పక్కనే స్తంభం. ఎర్ర గీతలు, ఆకుపచ్చ గీతలు, ఒకదాని మీద ఒకటి. స్కేలు పట్టుకోవడానికి వాడికి ఇప్పుడు కుర్చీ అక్కర్లేదు.

బ్యాటును రెండు చేతులతో ఆయనకే తిరిగి ఇస్తూ, తప్పు తనదే అయినట్టు మెల్లగా అన్నాడు.

"నేను గూడ పెరిగిన సార్."